గుమ్మడికాయ కొట్టని క్రేను

సభల్లో నన్ను పరిచయం చేసేటప్పుడు ‘అధ్యాపకురాలు, న్యాయవాది, పరిశోధకురాలు, సలహాదారు’ అని గుక్క తిప్పుకోకుండా చదువుతారు. వినడానికి బాగానే ఉంటుంది. అసలు సంగతేమిటంటే, పొద్దున్నే లా కాలేజీలో పార్ట్‌టైమ్‌గా పాఠాలు చెప్పి, అక్కణ్ణించి ఆటో పట్టుకుని లేబర్ కోర్టుకు పరిగెత్తేదాన్ని. పరిశోధన అంటారా, ఫ్యాక్టరీల్లో కార్మికుల మీద జరిగే శాఖాపరమైన విచారణల గురించి లావుపాటి థీసిస్ ఒకటి రాశాను. దాన్ని నేనూ, నన్ను పరీక్షించినవాళ్లూ తప్ప ఎవరూ చదవలేదు. పరీక్షించినవాళ్ల సంగతి కూడా నాకు అనుమానమే. కానీ దాని పుణ్యమా అని, కాలేజీ నుంచి బయటికొచ్చాక ఫ్యాక్టరీలవాళ్లు నన్ను విచారణాధికారిగా పిలవడం మొదలుపెట్టారు.

అదేదో పెద్ద హోదా అనుకునేరు! ఫలానా కార్మికుడు తప్పు చేశాడని కంపెనీ అంటుంది. ఉద్యోగం పీకేముందు అతని మాట కూడా వినమని చట్టం అంటుంది. వినడానికి బయటినుంచి ఒక మనిషిని తెస్తారు. ఆ మనిషిని నేను. కంపెనీ తరఫున ఒక అధికారి వాదిస్తారు. కార్మికుడి పక్కన తోడుగా తోటి కార్మికుడు ఒకడు కూర్చోవచ్చు. నన్ను పిలిచేది కంపెనీ, కారు పంపేది కంపెనీ, మధ్యాహ్నం భోజనం పెట్టేది కంపెనీ. నేను మాత్రం ఎవరి పక్షమూ కాదు. క్లాసులో విచారణాధికారుల గురించి ఇదే ముక్క చెప్పినప్పుడల్లా వెనక బెంచీలవాళ్లు నవ్వేవాళ్లు. వాళ్ల తప్పేం లేదు, నాకూ నవ్వొచ్చేది.

ఇప్పుడు లా చదువుతున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు, మీరు చూసిన పెద్ద కేసు ఏమిటి మేడమ్ అని అడుగుతుంటారు. హైకోర్టు దాకా వెళ్లినవి, పేపర్లో పడ్డవి కొన్ని ఉన్నాయి. అవేవీ కావు. నేను చెప్పేది గుమ్మడికాయ కేసు.

అచ్యుతాపురం వైపు పెద్ద పెద్ద ఇనప ట్యాంకులు తయారుచేసే ఫ్యాక్టరీ. షెడ్డు పైకప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ నడిచే క్రేను ఒకటి ఉంది. దాని ఆపరేటరు నిచ్చెనెక్కి పైన క్యాబిన్‌లో కూర్చుంటాడు. ఒకరోజు ఆ క్రేను ఎత్తిన ఇనప రేకుల కట్ట గాల్లో ఆగాల్సింది ఆగకుండా కిందికి జారింది. కింద ఉన్నవాళ్లు పక్కకు దూకారు కాబట్టి సరిపోయింది. బ్రేకు మరమ్మతు చేయమని మేనేజరు ఫిట్టరుకు చెప్పాడు. సాయంత్రానికి మరమ్మతు అయిందన్నారు. మర్నాడు పొద్దున ఆపరేటరు నిచ్చెన దగ్గరికొచ్చి, గుమ్మడికాయ కొట్టి దిష్టి తీస్తేగానీ ఎక్కనన్నాడు.

ఈ ఊళ్లో ఇదేం వింత కాదు. ఫిషింగ్ హార్బర్లో మరమ్మతైన బోటు మళ్లీ నీళ్లలోకి దిగాలన్నా, గుద్దుకున్న లారీ షెడ్డులోంచి బయటికి రావాలన్నా, బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, మూడు చుట్లు తిప్పి, నేలకేసి కొట్టి, నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాల్సిందే. మా జూనియర్ లాయరైతే కొత్త కంప్యూటర్‌కి కూడా బొట్టు పెట్టేవాడు. కాకపోతే ఆ ఫ్యాక్టరీ మేనేజరు కృష్ణా జిల్లా మనిషి. పైగా ఎక్కడెక్కడో విదేశాల్లో పనిచేసి అప్పుడే ఇక్కడికొచ్చాడు. ‘ఇది ఫ్యాక్టరీనా, గుడా?’ అన్నాడు. ఎక్కమని కాగితం మీద రాసిచ్చాడు. ఆపరేటరు ఎక్కలేదు. అతన్ని చూసి మిగతా షిఫ్టుల ఆపరేటర్లూ ఎక్కలేదు. ఓడకెక్కాల్సిన సరుకు ఆగిపోయింది. మేనేజరు క్రేను నిచ్చెనకు తాళం వేయించి, ఆపరేటరును సస్పెండ్ చేసి, నాకు కబురు పెట్టాడు. ఆజ్ఞ ధిక్కరించాడు, తోటివాళ్లను రెచ్చగొట్టాడు అన్నవి ఆరోపణలు. రుజువైతే ఉద్యోగం పోయినట్టే. మళ్లీ ఇంకో గేటు దగ్గర నిలబడి పని అడిగినా, ‘గుమ్మడికాయ గొడవ చేసినోడు నువ్వేనా?’ అంటారు.

కంపెనీ తరఫున వాదించడానికి వచ్చిన హెచ్.ఆర్. అధికారిని చూసి నా ప్రాణం లేచొచ్చింది. నా శిష్యురాలే! ముక్కు మీద కోపం, మొదటి బెంచీ, ప్రతి పాఠానికీ ఒక పేచీ. సాక్షుల్ని ప్రశ్నించడం గురించి నేను ఒక మాట చెప్పేదాన్ని. ‘ఎదుటివాడు అబద్ధమాడాడని తేల్చడం సగం పనే. ఎందుకాడాడో తేల్చాలి. అది తేలకపోతే మీ చేతిలో ఉన్నది సగం కేసే.’ ఈ అమ్మాయి చప్పున లేచి, ‘గెలిచాక ఇంకా తవ్వడమెందుకు మేడమ్?’ అంది ఒకసారి. క్లాసంతా చప్పట్లు. నాకు ఒళ్లు మండింది. ఆ సంవత్సరమంతా ఆ వాదన మా మధ్య తెగలేదు.

విచారణ రోజున మాత్రం బుద్ధిగా ‘నమస్తే మేడమ్’ అని ఎదురుగా కూర్చుంది. కూర్చున్న మరుక్షణమే అభ్యంతరం. ఆపరేటరు తనకు తోడుగా తెచ్చుకున్న మనిషి బ్రేకు మరమ్మతు చేసిన ఫిట్టరే.

“ఇతను కాంట్రాక్టు మనిషి మేడమ్. కంపెనీ ఉద్యోగి కాదు. తోడు కూర్చోవడానికి వీల్లేదు” అంది.

“ఇంకెవరైనా వస్తారా నీకు?” అని ఆపరేటరును అడిగాను.

“ఎవులొత్తారు మేడమ్? అందరికీ బయ్యమే. మా బావొక్కడే వొత్తానన్నాడు.”

“చుట్టరికమా?” అని గబుక్కున అందుకుంది మా అమ్మాయి, అదే, నా శిష్యురాలు.

“అదేటీ నేదు మేడమ్. పక్కపక్కూళ్లోళ్లం. ఊరికే అలా పిలుసుకుంటాం.”

ఈ ఊరి వన్ టౌన్‌లో పుట్టి పెరిగినదాన్ని, ఆ పిలుపు సంగతి నాకు చెప్పాలా! ఒకే షెడ్డులో పనిచేస్తున్నప్పుడు తోటి కార్మికుడే అవుతాడని అభ్యంతరం కొట్టేశాను. ఆ ఫిట్టరు బక్కగా, కళ్లు లోతుకు పోయి, నిలబడమంటే కూర్చునేట్టూ కూర్చోమంటే నిలబడేట్టూ ఉన్నాడు. ఇతను సాయం చేసినట్టే అనుకున్నాను మనసులో.

ఆపరేటరు వాంగ్మూలం చాలా చిన్నది.

“గుమ్మడికాయ కొట్టమన్నాను. కొట్టనన్నారు. నాను ఎక్కనేదు. అంతే మేడమ్.”

“దీనికి ఉద్యోగం పోతుంది. తెలుసా?”

“తెలుసు.”

“ఇంట్లో ఇంకెవరైనా సంపాదిస్తారా?”

“నానొక్కణ్ణే.”

విచారణాధికారి కోప్పడకూడదు. నేను కోప్పడ్డాను. “ఏమయ్యా, వడియాలకు తప్ప దేనికీ పనికిరాని కాయ కోసం పెళ్లాం బిడ్డల్ని రోడ్డున పడేస్తావా?” అనేశాను. అతను నవ్వి తల దించుకున్నాడు. పక్కన ఫిట్టరు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ కూర్చున్నాడు.

రెండోసారి కూర్చున్నప్పుడు మేనేజరు సాక్ష్యం. మనిషి కఠినుడే గానీ అబద్ధాలకోరు కాదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

“బ్రేకు బాగైందని మీకెలా తెలుసు?” అని అడిగాను.

“సాయంత్రం ఫిట్టర్ని అడిగానండి. అయిందా అన్నాను. అయిందన్నాడు. ఎదురుగానే ఉన్నాడుగా, అడగండి.”

అందరం ఫిట్టరు వైపు చూశాం. “అవునండి, అయిందన్నాను” అన్నాడు బల్లతో చెప్పినట్టు. తువ్వాలు మళ్లీ మెడ మీదికి, భుజాల మీదికి పోయింది. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మా ముందు నడుస్తున్నది అచ్చంగా గుమ్మడికాయ కేసే, అయినా నాకు ఆ సామెత తట్టలేదు. మేనేజర్ని ఏమైనా అడుగుతావా అంటే ఆపరేటరు ఏటీ లేదన్నాడు.

లేస్తూ లేస్తూ మేనేజరు, “ఇంక నేను ఆగలేను మేడమ్. సోమవారం ఏజెన్సీ నుంచి కొత్త ఆపరేటరు వస్తున్నాడు. తాళం తీయించి పని మొదలుపెడతాను” అన్నాడు. ఆ మాటకు ఆపరేటరూ ఫిట్టరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉద్యోగం వేరేవాడికి పోతోందన్న దిగులేమో అనుకున్నాను.

మూడోసారి శుక్రవారం కూర్చున్నాం. ఆ రోజు సాక్షి షిఫ్టు సూపర్‌వైజరు. మా అమ్మాయి బాగా చదువుకుని వచ్చింది.

“ఈ ఆపరేటరు పూజలూ అవీ బాగా చేస్తాడా?” అని మొదలుపెట్టింది.

సూపర్‌వైజరు పక్కున నవ్వాడు. “ఈడా? ఆయుధపూజ నాడు హారతి ఇవ్వకముందే కొబ్బరి ముక్కలు తినేసినాడు మేడమ్. క్రేనుకి బొట్లు ఎడతంటే, ‘బొట్టెందుకు బావా, గ్రీజు ఎట్టండి సాలు’ అన్నాడు. అందరం వాయించేసినాం.”

గదిలో అందరూ నవ్వారు. ఆపరేటరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. మా అమ్మాయి నవ్వలేదు. ‘అంటే ఇతనికి అసలు నమ్మకమే లేదు. గుమ్మడికాయ వట్టి సాకు’ అని రాయించి, తన తరఫు సాక్ష్యం ముగిసిందంది. తిరుగులేని దెబ్బ అది. నమ్మకం అని జాలిపడటానికి ఉన్న ఒక్క ఆధారాన్నీ లాగేసింది. నేను కలం మూత పెట్టేశాను. మేనేజరు ఫోను తీసి చూసుకుంటున్నాడు.

ఆమె మాత్రం కూర్చోలేదు. కాగితాలు సర్దుతూ, మళ్లీ విప్పుతూ అలాగే నిలబడింది. నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. క్లాసులో పేచీకి లేచేముందు అలాగే చూసేది.

“మేడమ్, ఆపరేటర్ని ఇంకొక్క ప్రశ్న అడగవచ్చా?”

“చాల్లెండి, అయిపోయిందిగా” అన్నాడు మేనేజరు.

“కాలేదు సార్, సగమే అయింది” అంది. అడగమన్నాను.

“నీకు దిష్టి మీద నమ్మకం లేదు. ఆ క్రేను మీద ఇన్నేళ్లు పనిచేశావు, ఒక్కరోజు కూడా ఎక్కనని అనలేదు. మరి ఆ రోజు ఎందుకు ఎక్కలేదు?”

ఆపరేటరు మొహంలో నవ్వు పోయింది. “ఊరికే” అన్నాడు.

“ఊరికే ఎవరైనా ఉద్యోగం పోగొట్టుకుంటారా?”

అతను నా వైపు తిరిగాడు. “రాసేసుకోండి మేడమ్. నాకా రోజు పని సెయ్యబుద్ది కానేదు. బద్దకం. గుమ్మడికాయ అని వొంక ఎట్టినాను. తప్పు నాదే. రాసేసుకోండి.”

దాంతో అతని ఉద్యోగం పూర్తిగా పోయినట్టే. నేను కలం మూత తీశాను. అప్పుడు ఫిట్టరు లేచాడు.

“సాల్లే బావా. ఇంక నావల్ల కాదు.”

“నువ్వు కూకో!” అని కసిరాడు ఆపరేటరు.

“కూకోను. మేడమ్, నాను సెప్తాను. ఆ బ్రేకు అవనేదు.”

అతను తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని చెప్పుకుపోయాడు.

“బ్రేకు లైనర్లు అరిగిపోయినాయి మేడమ్. కొత్తయి తెచ్చారు గానీ సైజు సరిపోనేదు. సాయంత్రం సారొచ్చి ‘అయిందా?’ అన్నారు. పొద్దున్నే లోడెత్తాలన్నారు. నాను కాంట్రాక్టోణ్ణి. అవనేదంటే రేపు గేటుకాడే ఆపేత్తారు. అయిందనేసినాను. పాతయ్యే బిగించేసినాను. తెల్లారగట్ల మావూరోడి షెడ్డుకెల్లి సరైన లైనర్లు అట్టుకొచ్చి, గేటుకాడ బావని ఆపి, ఎక్కొద్దు బావా అన్నాను. అప్పుడు బావే ఈ ఉపాయం సెప్పినాడు. ‘గుమ్మడికాయ కొట్టాలని నాను గొడవ సేత్తాను, కాయ తెచ్చి కర్పూరం ఎలిగించేసరికి గంట పడతాది, నిమ్మకాయలు కట్టడానికని నువ్వు పైకెక్కు, సంచీలో లైనర్లు ఎట్టుకెల్లి మార్సేయ్, ఎవులికీ తెల్దు’ అని. గుమ్మడికాయంటే ఈ ఊళ్లో ఎవులు కాదంటారు మేడమ్? ఈ సారు కాదంటారని మాకేటి తెలుసు?”

చెప్పొద్దూ, నాకు ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. బ్రేకు బాగాలేదని ఒక్కమాట అంటే పోయేది కదయ్యా అని ఆపరేటర్ని అడిగాను.

“అంటే ఈడి పని అయిపోద్ది గదా మేడమ్” అన్నాడు కోపంగా, ఫిట్టర్ని చూపిస్తూ. “నాను పర్మనెంటోణ్ణి. నన్ను తిడతారు, నాల్రోజులు సస్పెండు సేత్తారు, మళ్లీ తీసుకుంటారు అనుకున్నాను. ఈడు గేటు దాటితే మళ్లీ రానిత్తారేటి? నిన్నెవుడు సెప్మన్నాడ్రా బావా, అంతా పాడుసేసినావు!”

“సోమారం కొత్తోడెవుడో ఎక్కుతాడంట బావా” అన్నాడు ఫిట్టరు. “ఆడికీ పిల్లలుంటారు గదా.”

ఆపరేటరు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మేనేజరు లేచి బయటికి వెళ్లాడు. వెనకే మేమూ వెళ్లాం. తాళం తీయించి, నడుముకు బెల్టు కట్టుకుని, ఎవర్నీ రానివ్వకుండా తనే నిచ్చెనెక్కాడు. కింద షెడ్డంతా పని ఆపి చూస్తోంది. దిగి వచ్చేసరికి రెండు చేతులూ నల్లగా ఉన్నాయి. “అరిగిపోయి, లైనర్లు లేనట్టే” అన్నాడు. ఇంకేమీ అనకుండా చేతులు కడుక్కోవడానికి పోయాడు.

నివేదిక రాయడం నాకు కష్టం కాలేదు. ఆజ్ఞను ధిక్కరించిన మాట నిజమే. పాటించి ఉంటే కింద ఉన్నవాళ్ల ప్రాణాలు పోయేవి, కాబట్టి అది దుష్ప్రవర్తన కాదు. అతన్ని ఉద్యోగంలోకి తీసుకోవాలి. ఇంతవరకూ చట్టం. చివర నా అధికారంలో లేని ఒక వాక్యం కూడా రాశాను. ‘అయిందా’ అని అడిగినప్పుడు ‘కాలేదు’ అనే వీలు లేనిచోట, ఆ ప్రశ్న అడిగినట్టు లెక్కకాదు. మేనేజరుకు కోపం వస్తుందనే రాశాను. ఆయనకు వచ్చిందో లేదో గానీ, ఆ వాక్యం కొట్టేయమని మాత్రం అడగలేదు.

ఫిట్టరు మీద విచారణ లేదు కాబట్టి అతని గురించి నేనేమీ రాయడానికి లేదు. అసలు గండం అతనికే. కాంట్రాక్టరుకు ఒక్క ఫోను చేస్తే చాలు, పని పోతుంది. తప్పుడు మాట చెప్పి మనుషుల ప్రాణాల మీదికి తెచ్చాడు, పంపేయాల్సిందే అన్నారు పై ఆఫీసువాళ్లు. వాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేయలేం. మా అమ్మాయి వాళ్లతో రెండువారాలు తగువులాడింది. “ఇతను భయపడి ఒకసారి అబద్ధం చెప్పాడు, ఉద్యోగం పోతుందని తెలిసి కూడా అందరి ముందూ నిజం చెప్పాడు. ఇతన్ని పంపేస్తే రేపటినుంచి ఈ ఫ్యాక్టరీలో ఏది అడిగినా అయిందండీ అనేవాళ్లే మిగులుతారు” అందట. ఈ ముక్క నాకు మేనేజరే చెప్పాడు. చివరికి గట్టిగా మందలించి ఉంచేశారు. మా లాయర్ల బార్‌లో మాత్రం, ‘మీ శిష్యురాలు గెలిచిన కేసును చేజేతులా ఓడిపోయిందటగా’ అని నన్ను ఆటపట్టించారు. అవునండీ, ఓడిపోయింది. నా దగ్గర చదివినవాళ్లలో జడ్జీలైనవాళ్లున్నారు, పెద్ద పెద్ద కార్లలో తిరిగేవాళ్లున్నారు. ఎవర్ని చూసినా నాకు అంత గర్వం కలగలేదు.

క్రేను మళ్లీ మొదలయ్యే రోజున నన్నూ రమ్మన్నారు. నాకక్కడ పనేమీ లేదు, అయినా వెళ్లాను. తలకు పెద్దదైన హెల్మెట్ ఒకటి పెట్టారు, అది మాటిమాటికీ కళ్ల మీదికి జారుతోంది. నిచ్చెన దగ్గర మేనేజరు నిలబడి ఉన్నాడు. చేతుల్లో పసుపు రాసి బొట్లు పెట్టిన పెద్ద బూడిద గుమ్మడికాయ. పొద్దున్నే మనిషిని బజారుకు పంపి తెప్పించాడట. మెత్తబడ్డ మనిషిని చూస్తే నాకెందుకో జాలేసింది.

ఆపరేటరు వచ్చాడు. కాయ వైపు చూశాడు. “ఇదేటి సార్?”

“కొట్టవయ్యా. నాకేం అభ్యంతరం లేదు.”

“ఇప్పుడెందుకు సార్?” అన్నాడు అతను. “కొత్త లైనర్లు బిగించింది మా బావ.”

అని నిచ్చెనెక్కి పోయాడు. మేనేజరు కాయను అటు పెట్టలేక, ఇటు పెట్టలేక నా వైపు తిరిగి, “దీన్నేం చేయమంటారు మేడమ్?” అన్నాడు. మా అమ్మాయి చెయ్యి చాపి తీసుకుంది. “మా అమ్మ వడియాలు పెడుతుంది, ఇవ్వండి సార్” అంది.

కొక్కేనికి రేకుల కట్ట తగిలించారు. ఈల వేశారు. కట్ట నేల వదిలి మెల్లగా పైకి లేచింది. మనిషెత్తు దాటాక ఆపమన్నారు. ఆగింది. ఆగినచోటే నిలబడింది. అందరూ ఊపిరి వదిలి ఎవరి పనికి వాళ్లు కదిలారు. ఫిట్టరు ఒక్కడే తువ్వాలు గుప్పిట్లో నలుపుతూ, కట్ట మీదినుంచి చూపు తిప్పకుండా అలాగే నిలబడ్డాడు. పైన క్యాబిన్‌లోంచి ఆపరేటరు తల బయటపెట్టి, షెడ్డంతా వినబడేట్టు అరిచాడు.

“సూసింది సాల్లే బావా, ఎల్లి టీ తాగు!”